గడ్డి స్ట్రిప్ మీద దిగే ముందు లేవగలరో లేదో లెక్క చూసుకోండి

ప్రశ్న: నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి ఏడాది దాటింది. మొత్తం 110 గంటలు నడిపాను. అన్నీ తారు రన్‌వేల మీదే, వాటిలో అతి చిన్నది 1,200 మీటర్లు. ఒక మిత్రుడు తన పొలంలో గడ్డి స్ట్రిప్ వేసుకున్నాడు, విమానంలో రమ్మని పిలుస్తున్నాడు. పొడవు 600 మీటర్లు, వెడల్పు 18 మీటర్లు అన్నాడు. ఒక చివర చెట్లున్నాయి. అటు నుంచి దిగితే నేల కొంచెం ఎగువకు ఉంటుందట. ఎగువ చివర దాటగానే రోడ్డు, దాని పక్కన కరెంటు లైను. నేను నడిపేది క్లబ్బు వారి నాలుగు సీట్ల చిన్న విమానం, సెస్నా 172ఎస్. మాన్యువల్ ప్రకారం దిగడానికి 407 మీటర్లు చాలు, ఇంకా దాదాపు 200 మీటర్లు మిగులుతాయి. నా భార్యతో, ఇద్దరు మిత్రులతో వెళ్లాలని ఉంది. గడ్డి మీద దిగడం నిజంగా ప్రమాదమా, లేక తారు మీద దిగినట్టే జాగ్రత్తగా దిగితే సరిపోతుందా? వానలు పడ్డాక నేల మెత్తబడి దిగడం సుఖంగా ఉంటుందని ఒకరన్నారు. నిజమేనా?

సమాధానం:

మీ ఉత్తరం చదువుతూ రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, 200 మీటర్లు మిగులుతాయన్న లెక్క దగ్గర. రెండోది మీరు అడగని ప్రశ్న దగ్గర. అక్కడ దిగాక మళ్లీ ఎలా లేస్తారు? ఉత్తరం మొత్తంలో టేకాఫ్ మాటే లేదు. గడ్డి స్ట్రిప్‌కి మొదటిసారి బయల్దేరే చాలామంది ధ్యాస ఇలాగే దిగడం మీదే ఉంటుంది. చిన్న విమానాలకు లేవడానికి పట్టే దూరం సాధారణంగా దిగడానికి పట్టే దూరం కంటే ఎక్కువ. దిగడానికి సరిపోయి, లేవడానికి చాలని చోట్లు అందుకే చాలా ఉంటాయి. నలుగురు ఎక్కిన మీ విమానానికి మీ మిత్రుడి స్ట్రిప్ అలాంటి చోటు.

సూటిగా చెప్తాను. నలుగురితో అక్కడికి వెళ్లకండి. గడ్డి మీద బాగా అలవాటున్న బోధకుడిని పక్కన కూర్చోబెట్టుకుని, తక్కువ ఇంధనంతో, నేల ఎండి గాలి దాదాపు లేని రోజున వెళ్లవచ్చు. అది కూడా ముందు కొంత సాధన చేశాకే. ఎందుకలా అంటున్నానో లెక్కతో చూద్దాం.

మీరు చూసిన 407 మీటర్లు గరిష్ఠ బరువు 1,157 కిలోలతో, సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో, గాలి లేనప్పుడు, చదునైన పొడి గట్టి రన్‌వే మీద వచ్చిన దూరం. 15 మీటర్ల ఎత్తున్న అడ్డంకిని సరిగ్గా 61 నాట్ల (గంటకు సుమారు 113 కిలోమీటర్ల) వేగంతో దాటి, నేల తాకాక బ్రేకులు గట్టిగా వేస్తేనే అంతలో ఆగుతుంది. కొత్త విమానం, చేయి తిరిగిన టెస్ట్ పైలట్ అనుకోండి. పొడి గడ్డి మీదైతే నేల మీద పరుగులో 45 శాతం కలుపుకోవాలని అదే పేజీ కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. పరుగు 175 మీటర్లు, అందులో 45 శాతం 79. అప్పుడు మొత్తం 486 మీటర్లు అవుతుంది. దీని మీద భద్రత కోసం కలుపుకోవాల్సిన దూరం ఇంకా ఉంది. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్న విమానాల పైలట్లకు ఇచ్చే సూచనల్లో ల్యాండింగ్ దూరాన్ని 1.43తో, టేకాఫ్ దూరాన్ని 1.33తో గుణించమంటుంది. ఆ లెక్కన మీ ల్యాండింగ్‌కి 695 మీటర్లు కావాలి. గడ్డి తడిగా ఉంటే అదే సంస్థ 1.35 రెట్లు వేసుకోమంటుంది. 407ని దానితోనూ, మళ్లీ 1.43తోనూ గుణిస్తే 786 వస్తుంది. మీ స్ట్రిప్ 600.

ఇక టేకాఫ్. ఇవే పరిస్థితుల్లో 172ఎస్ నేల విడిచి 15 మీటర్ల ఎత్తు దాటడానికి 497 మీటర్లు పడుతుంది. పొడి గడ్డికి బ్రిటన్ సూచన 1.2 రెట్లు. అంటే 596 మీటర్లు. గుణకారం సరిచూసుకోండి, నేను పెంచి చెప్పడం లేదు. భద్రత కోసం ఏ అదనపు దూరమూ కలపకుండా, ఇంజన్ పూర్తి శక్తి ఇస్తూ, మీరు ఒక్క పొరపాటూ చేయకపోతే స్ట్రిప్ ఆఖరి నాలుగు మీటర్ల దగ్గర మీ చక్రాలు 15 మీటర్ల ఎత్తులో ఉంటాయి. ఎదురుగా చెట్లు. వాటి ఎత్తెంతో మీరు రాయలేదు. 1.33 రెట్లు వేస్తే 793 మీటర్లు కావాలి. ఎండ 30 డిగ్రీలు ఉంటే ప్రతి 10 డిగ్రీలకూ 10 శాతం చొప్పున ఇంకా పెరుగుతుంది. స్ట్రిప్ సముద్రమట్టానికి 1,000 అడుగుల పైన ఉంటే ఇంకో 10 శాతం. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి గుణించుకుంటూ పోవాల్సినవి. విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టదు, అందుకే చాలామంది వీటిని తేలిగ్గా తీసుకుంటారు.

ఇందులో మీ చేతిలో పూర్తిగా ఉన్నది బరువొక్కటే. బరువు 10 శాతం పెరిగితే టేకాఫ్ దూరం సుమారు 20 శాతం పెరుగుతుంది. తగ్గితే దాదాపు అదే తీరులో తగ్గుతుంది. మీరు, బోధకుడు, సగం ఇంధనం అనుకుంటే విమానం బరువు 985 కిలోల దగ్గర ఉంటుంది. అప్పుడు భద్రత కోసం కలపాల్సిన దూరమంతా కలిపినా టేకాఫ్‌కి 585 మీటర్లు, ల్యాండింగ్‌కి 595 మీటర్ల దరిదాపుల్లోకి వస్తుంది. ఇవి 15 డిగ్రీల లెక్కలు. 25 డిగ్రీలైతే టేకాఫ్ 640 దాటుతుంది. కాబట్టి ఇంధనం ఇంకా తగ్గించాలి, లేదా చల్లటి వేళ చూసుకోవాలి. ఎగువకు దిగి దిగువకు లేస్తే వాలు మీకు సాయం చేస్తుంది, కానీ ఆ సాయాన్ని లెక్కలో వేసుకోకండి, చేతిలో ఉంచుకోండి. నేనిచ్చినవి చేతి లెక్కలు. మీ విమానం మాన్యువల్‌లో తక్కువ బరువులతో టేకాఫ్‌కి వేరే పట్టికలుంటాయి. బయల్దేరే రోజు ఉష్ణోగ్రతతో వాటిలో మళ్లీ చూసుకోండి. మాన్యువల్ ఒకటి చెప్పి, బయటి సూచన ఇంకొకటి చెప్తే ఎక్కువ దూరం చూపేదాన్నే నమ్మండి.

చల్లటి వేళ అనగానే తెల్లవారుజామున వెళ్దామనిపిస్తుంది. అప్పుడు గడ్డి నిండా మంచు ఉంటుంది, ఆ గడ్డి తడి గడ్డి కిందే లెక్క. చక్రం లాక్ అయితే విమానం జారుతూ పోతుంది తప్ప ఆగదు. పొట్టిగా కోసిన గడ్డి, కింద గట్టి నేల, పైన తడి. చూడడానికి ఎంతో బాగుండే ఈ స్ట్రిప్ మీదే బ్రేకులు అస్సలు పట్టవు. అందుకే ఇలాంటి చోట 1.35 కూడా చాలదని, 1.6 రెట్లు వేసుకోమని బ్రిటన్ సూచన. మంచు ఆరాక, ఎండ ముదరకముందు ఉండే ఆ కాస్త సమయమే మీకు అనువైనది. ఉదయం చెట్ల నీడ ఎటు పడుతుందో మీ మిత్రుడిని అడగండి. నీడలో ఉన్న భాగం మిగతాదంతా ఎండినా తడిగానే ఉంటుంది. మీరు బ్రేకు వేసే చోటు అదే కావచ్చు.

వాన తర్వాత మెత్తగా ఉంటుందన్న మాట సగం నిజం. చక్రాలు తాకడం మెత్తగానే ఉంటుంది. ఆ తర్వాతే చిక్కు. మెత్తని నేల చక్రాన్ని పట్టి వెనక్కి లాగుతుంది. 172కి ముందున్న నోస్ వీల్ చిన్నది, దాని కాలు ఇంజన్ వెనకున్న ఫైర్‌వాల్‌కి బిగించి ఉంటుంది. ఆ చక్రం బురదలో దిగబడితే ముక్కు వంగి ప్రొపెల్లర్ నేలను కొడుతుంది. తిరిగే ప్రొపెల్లర్ నేలను తాకిందంటే ప్రొపెల్లర్ రెక్క ఒక్కటీ సరిచేసి ఎగరడం కుదరదు, ఇంజన్ విప్పి లోపల చూడాల్సిందే. టేకాఫ్‌లో ఇదే మెత్తదనం మిమ్మల్ని వేగం అందుకోనివ్వదు. మెత్తని నేలకు టేకాఫ్ దూరం 25 శాతం లేదా అంతకు మించి పెంచుకోమంటారు. ఆ ‘అంతకు మించి’కి హద్దు లేదు. ఒక్కోసారి విమానం అసలు లేవదు. చక్రాల మీద ఉండే తొడుగుల్లో బురద, కోసిన గడ్డి ఇరుక్కుని చక్రాన్ని పట్టేస్తాయి. గడ్డి మీద తరచూ దిగేవాళ్లు చాలామంది ఆ తొడుగులు తీసేయించుకుంటారు. మీది క్లబ్బు విమానం కాబట్టి అది మీ ఇష్టం కాదు, దిగాక మాత్రం చూసుకోండి.

గడ్డి అంటేనే ప్రమాదమన్న భయం అక్కర్లేదు. విమానం ఎగరడం నేర్చుకున్నదే గడ్డి మీద. రైట్ సోదరులు 1904, 1905 సంవత్సరాల్లో డేటన్ దగ్గర హఫ్‌మన్ ప్రెయిరీ అనే పశువుల మేత బీడులో సాధన చేశారు. ఎగిరే ముందు ఆవులను, గుర్రాలను పక్కకు తోలాలన్నది స్థలం యజమాని పెట్టిన షరతు. తర్వాత చాలాకాలం విమానాశ్రయాలు విశాలమైన గడ్డి మైదానాలుగానే ఉన్నాయి. గాలి ఎటు నుంచి వస్తే అటు తిరిగి దిగేవారు. మీ మిత్రుడిది మైదానం కాదు, సన్నటి పట్టీ. దిశ ఒక్కటే, గాలి మాత్రం తనకు తోచినట్టు వీస్తుంది. ఆనాటి పైలట్లకు లేని ఇబ్బంది మీకు ఇక్కడే వస్తుంది.

మీరు ఎగువకు దిగాలి, దిగువకు లేవాలి. ఎగువ వైపు నుంచి గాలి వీస్తే దిగడానికి ఎదురుగాలి, లేవడానికి వెనుకగాలి. దిగువ నుంచి వీస్తే తారుమారు. రెండూ ఒకే రోజు అనుకూలించవు. వెనుకగాలి ప్రతి 2 నాట్లకూ దూరం 10 శాతం పెంచుకోమని మీ మాన్యువలే చెప్తుంది. 6 నాట్ల పిల్లగాలి వెనక నుంచి తగిలితే 30 శాతం పోయినట్టే. కాబట్టి ఇలాంటి స్ట్రిప్‌కి గాలి దాదాపు లేని రోజే మంచి రోజు. రాత్రి అక్కడే ఉండిపోవాల్సి వస్తే ఉండిపోండి, గాలి మారేదాకా ఆగండి. ఆ వెసులుబాటు లేని ప్రయాణమైతే పెట్టుకోకండి. మర్నాడు ఉదయం ఆఫీసులో ఉండాలన్న తొందరతో చాలని స్ట్రిప్ మీద పవర్ ఇచ్చినవాళ్లు ఉన్నారు.

చెట్ల వల్ల ఇంకో ముప్పు ఉంది. చెట్ల వరుస వెనక గాలి సుడులు తిరుగుతుంది. ఆ అలజడి చెట్టు ఎత్తుకు పది రెట్ల దూరం దాకా, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. మీరు చెట్ల పైనుంచి వస్తూ కొమ్మల మట్టం కిందికి దిగగానే గాలి ఉన్నట్టుండి పడిపోవచ్చు. ఎదురుగాలిలో నెమ్మదిగా వస్తున్న విమానానికి గాలి పడిపోవడమంటే రెక్కల మీద వేగం పడిపోవడమే. ఒక్కసారిగా కుంగినట్టవుతుంది. దీనికి భయపడి చాలామంది వేగం ఎక్కువ పెట్టుకుని వస్తారు. ఆ వేగం వల్లే స్ట్రిప్ చివర దాటిపోతారు. 61 నాట్లతో రావాల్సిన చోట 70తో వస్తే విమానంలోని గతిశక్తి 32 శాతం ఎక్కువ, దాన్నంతా బ్రేకులే మింగాలి. అంతకంటే ముందు ఆ అదనపు వేగం కరిగేదాకా విమానం నేలకు అడుగు ఎత్తున తేలుతూనే పోతుంది, కింద మీ 600 మీటర్లూ గడిచిపోతుంటాయి. ఇంకో మాట. 61 నాట్లు గరిష్ఠ బరువుకు ఇచ్చిన వేగం. తేలికగా ఉన్నప్పుడు స్టాల్ వేగం, అంటే ఏ వేగం కంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవో అది, కూడా తగ్గుతుంది కాబట్టి 985 కిలోల దగ్గర అదే 61తో వస్తే మీరు అప్పటికే కొంచెం వేగంగా ఉన్నట్టు. ఎంత తగ్గించవచ్చో బోధకుడితో తేల్చుకోండి, సొంతంగా ప్రయోగం చేయకండి.

నాకు మీ స్ట్రిప్ విషయంలో అన్నిటికంటే ఎక్కువ దిగులు పుట్టించింది మీ కళ్లు. ఇన్నాళ్లూ 30 మీటర్లో 45 మీటర్లో వెడల్పున్న రన్‌వేలు చూసిన కళ్లకు 18 మీటర్ల పట్టీ సన్నగా, దూరంగా కనిపిస్తుంది. ‘నేను చాలా ఎత్తులో ఉన్నాను’ అనిపిస్తుంది. ఎగువకు వాలిన రన్‌వే కూడా సరిగ్గా ఇదే భ్రమ కలిగిస్తుంది. మామూలుగా ఇవి విడివిడిగా ఎదురవుతాయి. మీకు రెండూ ఒకేసారి, ఒకే వైపుకు లాగుతాయి. ఎత్తులో ఉన్నాననుకుని మీరు కిందికి దిగుతారు. ఆ కింద చెట్లున్నాయి. పెద్ద విమానాశ్రయంలో రన్‌వే పక్కన ఉండే ఎరుపు తెలుపు దీపాలు మీ ఎత్తు తప్పని చెప్పేవి. ఇక్కడ అవి లేవు. అందుకని కళ్లను కాదు, ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ను నమ్మాలి. స్ట్రిప్ రెండు చివరలూ సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే తెలుసుకోండి. దిగే ముందు స్ట్రిప్ చుట్టూ తిరిగే సర్క్యూట్‌లో ఏ మలుపు దగ్గర ఎంత ఎత్తుండాలో కాగితం మీద రాసుకోండి. ఫైనల్‌కి, అంటే స్ట్రిప్‌కి నేరుగా వచ్చే ఆఖరి దారికి, తిరిగాక చెట్లకు అవతల గడ్డి మీద ఒక గుర్తు ఎంచుకుని, అది ముందు అద్దంలో పైకీ కిందికీ జరగకుండా నిలబెట్టండి. కిందికి జారుతుంటే దాటిపోతున్నారు, పైకి పాకుతుంటే ముందే కూలబడతారు. ఇది మీకు శిక్షణలో చెప్పిందే. పెద్ద రన్‌వే మీద దాన్ని మరిచిపోయినా గడిచిపోతుంది.

తీగల సంగతికి వద్దాం. గాల్లోంచి తీగలు కనిపించవు. కనిపిస్తాయనుకోవడమే తప్పు. స్తంభాలు వెతకండి, రెండు స్తంభాల మధ్య తీగ ఉన్నట్టే అనుకోండి. అవి మీరు దిగే వైపు లేవు కదా అనుకోకండి. ల్యాండింగ్ కుదరక మళ్లీ పైకి లేవాల్సి వస్తే మీరు వెళ్లేది వాటి మీదికే. వాలు 2 శాతం అనుకుందాం, చూడడానికి ‘కొంచెం ఎగువ’ అన్నట్టే ఉంటుంది. 600 మీటర్లలో అది 12 మీటర్లు. దాని మీద 10 మీటర్ల స్తంభం అనుకుంటే స్ట్రిప్ దిగువ చివర కంటే తీగ 22 మీటర్లు పైన ఉంటుంది. రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్స్ పూర్తిగా దించి, వేగం పోయి, పైకి లేచే నేల మీద 172కి అంత ఎత్తు అందుకోవడం తేలిక కాదు.

అందుకే గో-అరౌండ్, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి వెళ్లే నిర్ణయం ఇక్కడ తొందరగా జరిగిపోవాలి. చెట్లు దాటక ముందే వేగం, ఎత్తు, దిశ మూడూ సరిగా ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా పవర్ పూర్తిగా ఇచ్చి, ఫ్లాప్స్ 20 డిగ్రీలకు తెచ్చి, 60 నాట్లతో పైకి వెళ్లిపోండి. రెండోసారి ప్రయత్నించండి, రెండోసారీ కుదరకపోతే ఇంటికి వెళ్లిపోండి. చెట్లు దాటాక స్ట్రిప్ మొదటి మూడో వంతులో చక్రాలు తాకకపోతే అప్పటికప్పుడు లేవాలి. ఆ తర్వాత మాత్రం లేవకండి. నేల తాకి, బ్రేకులు వేసి, ఆగేలా లేదనిపించిన క్షణంలో మళ్లీ పవర్ ఇచ్చి తీగల మీదికో చెట్ల మీదికో స్టాల్ అయి పడ్డవాళ్లు బతకడం అరుదు. నడక వేగంతో కంచెలోకి దూసుకెళ్తే విమానం పాడవుతుంది, మీరు నడిచి బయటికి వస్తారు. మనిషి ఆ రెండో దారిని ముందే ఖాయం చేసుకుని ఉంటేనే ఆ క్షణంలో చేయి థ్రాటిల్ మీదికి పోకుండా ఉంటుంది.

టేకాఫ్‌కి కూడా ఇలాంటి గీత ఒకటి కావాలి. స్ట్రిప్ సగం దగ్గర, అంటే 300 మీటర్ల చోట, అంచున కనిపించే గుర్తు ఏదైనా పెట్టించండి. అక్కడికి చేరేసరికి నేల విడిచే వేగంలో 70 శాతం రాకపోతే పవర్ తీసేసి ఆగిపోవాలి. 55 నాట్ల దగ్గర లేస్తారనుకుంటే సగంలో 39 ఉండాలి. గడ్డి మీద విమానం తొందరగా నేల విడుస్తుంది, నోస్ వీల్ భారం తీయడానికి మీరు వెనక్కి లాగి పట్టుకుంటారు కాబట్టి. అది ఎగరడం కాదు. రెక్కల వెడల్పంత ఎత్తు లోపల నేల ఇచ్చే ఆసరా మీద తేలడం. అక్కడే చెట్లు చూసి కంగారుపడి ముక్కు ఎత్తితే మళ్లీ నేలకే వస్తారు. నేలకు సమాంతరంగా వేగం పుంజుకున్నాకే పైకి.

మిగతావి చిన్నవే అయినా రాస్తాను. గుంతలు, బొరియలు గడ్డిలో కనబడవు. గడ్డి 20 సెంటీమీటర్లు మించితే పైన చెప్పిన లెక్కలు పనికిరావు. అప్పుడే కోసిన గడ్డిలో పురుగుల కోసం పక్షులు వాలతాయి, కాబట్టి మీరు వచ్చే రోజు పొద్దున కోయవద్దని చెప్పండి. పశువులుంటే ఎవరైనా నిలబడి కాయాలి, తాడు కట్టేశామన్న మాట చాలదు. కంచె సన్నటి తీగదైతే దానికి గుడ్డ ముక్కలు కట్టించండి. గాలి చూపే సంచి ఒక్కటైనా ఉండాలి, చెట్ల నీడలో కాకుండా బయట. విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు (టాక్సీలో) యోక్, అంటే చేతి చక్రం, వెనక్కి లాగి పట్టుకోండి, మెత్తని చోట ఆగకండి, ఆగితే కదిలించడానికి పవర్ పెంచాలి, ఆ పవర్‌తో ప్రొపెల్లర్ రాళ్లు లాగుతుంది. అక్కడ అగ్నిమాపక బండి ఉండదు. ఎన్నింటికి చేరతారో, చేరకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఒకరికి చెప్పి బయల్దేరండి. క్లబ్బు ఒప్పందం, బీమా పాలసీ ఇలాంటి స్ట్రిప్‌ని అనుమతిస్తాయో లేదో కాగితం మీద చూసుకోండి. చాలా క్లబ్బులు ఒప్పుకోవు, ఒప్పుకోకపోతే ఈ చర్చ అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు సాధన. మీ 1,200 మీటర్ల రన్‌వే మీదే మొదలుపెట్టండి. రన్‌వే పక్క గుర్తుల్లో ఒకదాన్ని స్ట్రిప్ మొదలు అనుకుని, దాని ముందు 15 మీటర్ల చెట్లున్నాయనుకుని, అక్కడి నుంచి 600 మీటర్లలో ఆగుతున్నారో లేదో బోధకుడితో చూసుకోండి. ఒక్కసారి కుదరడం కాదు, వరసగా ప్రతిసారీ కుదరాలి. చెమట పట్టకుండా కుదరాలి. ఆ తర్వాత పొడవైన, చదునైన గడ్డి రన్‌వే ఉన్న చోటికి వెళ్లి నోస్ వీల్‌ని ఆఖరిదాకా గాల్లో పట్టుకోవడం, బ్రేకు లేకుండా ఆపడం అలవాటు చేసుకోండి. నా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో తారు మీద చక్కగా దిగేవాళ్లే గడ్డి మీద నోస్ వీల్‌ని తొందరగా కిందికి వదిలేస్తారు. అలవాటు అలాంటిది, చెప్తే పోదు, చేస్తే పోతుంది.

ఆఖరున, విమానంలో వెళ్లే ముందు ఒకసారి కారులో వెళ్లండి. మీ మిత్రుడి మాట మీద అనుమానం కాదు. 600 మీటర్లంటే కంచె నుంచి కంచె దాకా కొలిచాడో, వాడుకోదగ్గ గడ్డి కొలిచాడో ఆయనకూ తెలియకపోవచ్చు. టేపు పెట్టి మీరే కొలవండి. మొత్తం నడవండి, మడమతో నొక్కి చూడండి, ఎక్కడ దిగబడుతుందో గుర్తు పెట్టుకోండి. ఆయన ఒప్పుకుంటే కారును గంటకు 50 కిలోమీటర్ల వేగంతో స్ట్రిప్ మీద నడపండి. సీట్లో ఎగిరి పడుతున్నారంటే 172 చిన్న చక్రాలకు ఆ నేల పనికిరాదు. చెట్ల కింద నిలబడి వాటి ఎత్తు అంచనా వేయండి. 15 మీటర్లు మించితే నేను రాసిన అంకెలన్నీ మళ్లీ పెంచుకోవాలి. ఎగువ చివరకు వెళ్లి స్తంభాలు లెక్కపెట్టి, తీగ ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతుందో ఫొటో తీసుకోండి. ఆ కొలతలు బోధకుడి ముందు పెట్టి, ఆయన వద్దంటే వెళ్లకండి. సరే అంటే ఆయన్నే ఎక్కించుకుని వెళ్లండి. మీ భార్యను, మిత్రులను ఆ రోజు కారులో రమ్మనండి.